కొలత తీసుకున్నాకే తాళం ఇవ్వండి: హైదరాబాద్ బైక్ షోరూమ్‌ల వారికి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోని టూవీలర్ షోరూమ్‌ల యజమానులకు, మేనేజర్లకు, రోజంతా నిలబడి బండ్లు చూపించే సేల్స్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టును. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర మా క్లినిక్. విరిగి అతుక్కున్న కాళ్లను, చేతులను మళ్లీ పనిలో పెట్టడమే పదిహేడేళ్లుగా నా వృత్తి. బండ్ల వ్యాపారం గురించి నాకు మీ అంత తెలియదు. కానీ మీ షోరూమ్ గేటు దాటి వెళ్లిన కొన్ని బండ్ల కథ చివరికి ఎక్కడికి చేరుతుందో నాకు తెలుసు. ఎందుకంటే అది నా దగ్గరికే చేరుతుంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కాలు విరిగిన మనిషికి వాకర్ ఇవ్వాలంటే ముందు కొలత తీస్తాం. మనిషిని నిటారుగా నిలబెట్టి, చేతులు వదులుగా కిందికి వేలాడేయమని చెప్పి, వాకర్ పట్టు సరిగ్గా మణికట్టు ఎత్తుకు వచ్చేలా దాని కాళ్లు సర్దుతాం. ఒక్క రంధ్రం ఎక్కువైతే మనిషి భుజాలు ఎత్తుకుని నడుస్తాడు. ఒక్క రంధ్రం తక్కువైతే ముందుకు తూలతాడు. పదిహేను వందల రూపాయల వాకర్‌కి మేం ఇంత చూస్తాం. లక్షన్నర, రెండు లక్షలు పెట్టి జీవితంలో మొదటి బండి కొనుక్కుంటున్న పిల్లవాడికి చాలా షోరూమ్‌లలో ఎవరూ ఏ కొలతా తీయడం లేదు. ఈ ఉత్తరం ఆ కొలత గురించే.

కిందటి దసరాకి మా మేనల్లుడు బండి కొన్నాడు. ఇరవై మూడేళ్లవాడు, బీటెక్ అయ్యి ఉప్పల్‌లో ఒక కంపెనీలో చేరాడు. వనస్థలిపురం నుంచి రోజూ రెండు బస్సులు మారి వెళ్లేవాడు. బండి కొనాలన్నది వాడి చాలాకాలపు కోరిక. నేను, మా అన్నయ్య, వాడు ముగ్గురం కలిసి వెళ్లాం. ఆ షోరూమ్ పేరు, బండి పేరు ఇక్కడ రాయను. ఒక్కరిని నిలదీయడానికి రాస్తున్న ఉత్తరం కాదిది.

అక్కడ వాడిని అడిగిన ప్రశ్నలు నాకు వరసగా గుర్తున్నాయి. బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు సార్? క్యాషా, ఫైనాన్సా? డౌన్‌పేమెంట్ ఎంత కట్టగలరు? శాలరీ స్లిప్పులు ఉన్నాయా? ఏ కలర్ చూపించమంటారు? ఇంతే. ఇంతకు ముందు గేర్ల బండి నడిపారా అని అడగలేదు. రోజూ ఏ దారిలో వెళ్తారు, వెనకాల ఎవరైనా కూర్చుంటారా అని అడగలేదు. నిజానికి అప్పటిదాకా వాడు నడిపింది మా వదిన స్కూటీ ఒక్కటే. లైసెన్స్ ఉంది. టెస్ట్ రోజున స్నేహితుడి 100 సీసీ ఇంజిన్ ఉన్న చిన్న బండి తీసుకెళ్లి పాసయ్యాడు.

వాడు 125 సీసీ బండి చూద్దామని వచ్చాడు. "125 అయితే ఆరు నెలల్లో బోర్ కొడుతుంది సార్, అప్పుడు అమ్మితే లాస్. నెలకు ఇంకో రెండు వేలు వేసుకుంటే ఇది వస్తుంది" అని హ్యాండిల్ కిందికి ఉన్న ఒక స్పోర్ట్స్ బండి దగ్గరికి తీసుకెళ్లారు. సీటు మీద కూర్చోమన్నారు. కూర్చున్నాడు. బండి సైడ్ స్టాండ్ మీదే ఉంది, అంటే ఎడమవైపుకి ఒరిగి ఉంది. ఎడమ పాదం నేలకు ఆనింది కాబట్టి అందుతోందనే అనుకున్నాడు. స్టాండ్ తీసి, బండిని నిటారుగా నిలబెట్టి, రెండు పాదాలూ కింద పెట్టి చూడమని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. రోజూ మనుషుల కాళ్లు కొలిచే నేను ఆ రోజు ఆ మాట అనలేకపోయాను. ఇప్పటికీ అది గుర్తొస్తే నాకు నిద్ర పట్టదు.

తర్వాత కొలిచాను. వాడి కాలి లోపలి పొడవు, అంటే నేల నుంచి కాళ్ల మధ్య దాకా ఎత్తు, 73 సెంటీమీటర్లు. ఆ బండి సీటు ఎత్తు 82 పైనే.

డెలివరీ రోజున బండికి దండ వేశారు, కేక్ కోయించారు, ఫోటో తీశారు. అక్కడి నుంచి నేరుగా కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడికి వెళ్లి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకున్నాం. పన్నెండో రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ నాగోల్ దగ్గర యూటర్న్ తీసుకుంటున్నాడు. ఎదురుగా ఆటో రావడంతో కంగారుపడి ముందు బ్రేకు గట్టిగా పట్టేశాడు. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే, తిరిగిన వైపుకే బండి కూలబడుతుంది. కాలు చాపాడు. ఆ పక్క రోడ్డు కాస్త పల్లంగా ఉంది. మునివేళ్లు మాత్రమే తగిలాయి. నూట ఎనభై కిలోల బండి వాడి చీలమండ మీద పడింది. ఆ సమయంలో వేగం గంటకు పది కిలోమీటర్లు కూడా లేదు.

ఎముక రెండు వైపులా విరిగింది. ప్లేటు, స్క్రూలు వేశారు. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదన్నారు. ఆ తర్వాత మూడు నెలలు మా క్లినిక్‌లో గోడ పట్టుకుని నడక నేర్చుకున్నాడు. కొత్త ఉద్యోగం కాబట్టి సెలవులు లేవు, జీతం కోత పడింది. ఈఎంఐ మాత్రం ప్రతి ఐదో తారీఖునా కట్ అవుతూనే ఉంది.

ఇందులో మావాడి తప్పు లేదని అనను. కానీ ఇది వాడొక్కడి కథ అయితే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. బండి మీద నుంచి పడి వచ్చిన ప్రతి పేషెంటునూ నేను ఒక ప్రశ్న అడుగుతాను. బండి కొని ఎన్నాళ్లయింది? వారం, ఇరవై రోజులు, రెండు నెలలు అనే జవాబులు నేను లెక్క మరిచిపోయేటన్ని విన్నాను. వాళ్లలో చాలామంది వేగంగా వెళ్తూ పడినవాళ్లు కాదు. సిగ్నల్ దగ్గర ఆగబోయి, పార్కింగ్‌లో బండి వెనక్కి తీయబోయి, స్పీడ్ బ్రేకర్ మీద ఇంజిన్ ఆగిపోయి పక్కకు ఒరిగినవాళ్లు. చెయ్యి ఆనిస్తే మణికట్టు, భుజం ఆనితే కాలర్ ఎముక, కాలు ఇరుక్కుంటే చీలమండ. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఆ లెక్కలో లేరు. వాళ్లు బతికి, కుంటుతున్నవాళ్లు.

ఈ మాటలు రవాణా శాఖకు రాయొచ్చు కదా, మాకెందుకు అని మీరు అడగవచ్చు. మీకే రాయడానికి కారణం ఉంది.

యూరప్ దేశాల్లో బండి లైసెన్స్ మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టులో ఇంజిన్ 125 సీసీ, దాని శక్తి 11 కిలోవాట్లు మించకూడదు. రెండో మెట్టులో 35 కిలోవాట్ల దాకా నడపవచ్చు. ఆ తర్వాతే పెద్ద బండ్లు. జపాన్‌లో 125 సీసీ దగ్గర ఒక గీత, 400 సీసీ దగ్గర ఇంకో గీత ఉన్నాయి. మన దగ్గర ఒకటే మాట, "మోటార్‌సైకిల్ విత్ గేర్". నాగోల్ టెస్ట్ ట్రాక్ మీద 100 సీసీ బండి నడిపి చూపించినవాడు మర్నాడు వెయ్యి సీసీ బండి కొన్నా చట్టం ఏమీ అనదు. అంటే ఈ మనిషికి ఈ బండి సరిపోతుందా అని చూసే మెట్టు మన వ్యవస్థలో ఎక్కడా లేదు. లైసెన్స్ ఇచ్చేవాళ్లు బండిని చూడరు, లోన్ ఇచ్చే బ్యాంకు మనిషిని చూడదు. మనిషి, బండి ఇద్దరూ పక్కపక్కన నిలబడే చోటు మీ షోరూమ్ ఒక్కటే. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

చిన్న బండ్లే అమ్మండి అని నేను అనడం లేదు. ఆరడుగుల మనిషిని తీసుకెళ్లి చిన్న బండి మీద కూర్చోబెడితే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి, నెల తిరిగేసరికి నడుము పట్టేస్తుంది. అలాంటివాళ్లూ నా దగ్గరికి వస్తారు. ఎత్తూ బలమూ ఉన్నవాడికి 350 సీసీ బండే హాయిగా ఉండొచ్చు. అయితే సీసీ అన్నది కొత్తగా నేర్చుకునేవాడికి మొదట చెప్పాల్సిన సంగతి కాదు. మొదట చెప్పాల్సినవి సీటు ఎత్తు, బండి బరువు. ఈ రెండూ కంపెనీ ఇచ్చే కాగితంలో అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటిని పైకి చదివి వినిపించిన సేల్స్ మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆయన గురించి తర్వాత చెప్తాను.

లెక్క చూడండి. హీరో స్ప్లెండర్ ప్లస్ బరువు 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సీటు 805. ఎత్తులో తేడా రెండు సెంటీమీటర్లే, బరువులో తేడా 83 కిలోలు. అంటే ఒక నిండు మనిషి. అదే కంపెనీ హంటర్ 350 తీసుకుంటే బరువు 181, సీటు 790. యమహా ఆర్15 బరువు 140 కిలోల పైచిలుకే, కానీ సీటు 815, హ్యాండిల్ కిందికి ఉంటుంది, మనిషి ముందుకు వంగి మణికట్ల మీద భారం వేసి కూర్చోవాలి. ఇవన్నీ మంచి బండ్లే. అయితే ఎవరికి? ఐదడుగుల నాలుగంగుళాల కుర్రాడికి ఒకటి, ఆరడుగుల కుర్రాడికి ఒకటి, నలభై దాటాక మొదటిసారి నేర్చుకుంటున్న ఆడమనిషికి ఇంకొకటి. సీటు ఎంత వెడల్పుగా ఉందో కూడా చూడాలి. వెడల్పు సీటు తొడలను దూరం జరిపితే, కాగితం మీద 790 ఉన్నా పాదం 810 లాగే అందుతుంది.

బరువు సంగతి కొత్తవాళ్లకు తెలియదు. షోరూమ్ నున్నటి టైల్స్ మీద నిటారుగా ఉన్న బండి బరువు ఎవరికీ తెలియదు, చిటికెన వేలితో కూడా ఆపవచ్చు. ఒరగడం మొదలయ్యాక ప్రతి అంగుళానికీ బరువు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక ఎంత బలవంతుడైనా ఆపలేడు. ఆ హద్దు లోపల పాదం పూర్తిగా నేలకు ఆనిందా లేదా అన్నదే తేల్చేస్తుంది.

పైగా ఇది హైదరాబాద్. ఇక్కడ బండి నడపడమంటే మెల్లగా నడపడమే. కూడళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు కాబట్టి ఆఫీసుకు వెళ్లి వచ్చేలోపు నాలుగైదు సార్లు బండి తిప్పాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి చాదర్‌ఘాట్ దాకా సాయంత్రం మొదటి గేరు, రెండో గేరు, మళ్లీ మొదటి గేరు. వాన పడితే మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్లలో క్లచ్ వదలకుండా ఈడ్చాలి. జూబ్లీహిల్స్ ఎత్తుల్లో సిగ్నల్ పడితే బండి వెనక్కి జారకుండా కాలు, బ్రేకు, క్లచ్ మూడింటినీ ఒకేసారి పట్టి ఉంచాలి. మెట్రో పిల్లర్ల పక్కన ఇసుక, తవ్వి పూడ్చిన గుంతలు సరేసరి. ఇక ఆ పికప్ అంతా చూపించడానికి దారి ఎక్కడుంది? 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. మెహదీపట్నం నుంచి ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ అంతే. "సున్నా నుంచి అరవై ఇన్ని సెకన్లలో" అని మీరు చెప్పే మాట ఆ కుర్రాడి రోజువారీ దారిలో ఎక్కడా పనికిరాదు. సున్నా నుంచి పది మధ్యలో ఆ బండి ఎలా ఉంటుంది అన్నదే వాడికి రోజూ కావాలి. కిందికి ఉండే హ్యాండిల్ బండ్లలో హ్యాండిల్ తక్కువ తిరుగుతుంది, యూటర్న్‌కి ఎక్కువ చోటు కావాలి. ఇది మీకు బాగా తెలుసు. కొనేవాడికి తెలియదు.

ఆ ఒక్క సేల్స్ మనిషి గురించి చెప్తానన్నాను కదా.

నాకు ముప్పై మూడేళ్లప్పుడు గేర్ల బండి నేర్చుకోవాలనిపించింది. మొదట వెళ్లిన చోట "మేడమ్, స్కూటీలు ఆ పక్కన ఉన్నాయి" అన్నారు. గేర్ల బండి కావాలన్నాక కూడా నాతో కాదు, మావారితో మాట్లాడారు. వచ్చేశాం. రెండో చోట ఒకాయన, యాభై ఏళ్లు ఉంటాయేమో, ముందు నా చెప్పులు చూశారు. "రోజూ ఇవే వేసుకుంటారామ్మా? బండికి వేసుకునే బూట్లతో రేపు రండి, ఎత్తు తెలుస్తుంది" అన్నారు. మర్నాడు వెళ్తే మూడు బండ్లు బయటికి తీయించారు. ఒక్కోదాన్నీ సెంటర్ స్టాండ్ మీద నుంచి నన్నే దింపమన్నారు, తర్వాత మళ్లీ ఎక్కించమన్నారు. సీటు మీద కూర్చుని కాళ్లతో వెనక్కి నెట్టమన్నారు. రెండు పాదాలూ ఆనించి, హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, రెండు వైపులా క్లచ్, బ్రేకు వేళ్లకు అందుతున్నాయా అని చూశారు. నా చేతులు చిన్నవి. ఒక బండికి క్లచ్ లివర్ దూరంగా ఉంది. "ఇది వద్దమ్మా, ట్రాఫిక్‌లో మీ చెయ్యి గంటలోనే నొప్పెడుతుంది" అని ఆయనే పక్కన పెట్టించారు. అది మూడింటిలోకీ ఖరీదైన బండి.

అరగంట పట్టింది. నేను 125 సీసీ బండి తీసుకున్నాను. ఆరు ఆదివారాలు, తెల్లవారుజామున ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీద నేర్చుకున్నాను. ఆయన చెప్పినట్టే మొదటి రెండు వారాలు యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, క్లచ్ సగం వదిలి, హాఫ్ క్లచ్ మీదే బండిని నడిపించాను. రెండుసార్లు ఒరిగింది, రెండుసార్లూ కాలు ఆనించి ఆపగలిగాను. ఆ బండి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మా ఇంట్లో, చుట్టాల్లో ఇప్పటిదాకా ఏడుగురు నా మాట మీద ఆ షోరూమ్‌లోనే కొన్నారు. ఆ పెద్దాయన అరగంట ఖరీదు ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు.

నేను మిమ్మల్ని అడిగేది ఆ అరగంటే. మీ షోరూమ్‌లో ఒక మూల గోడకు టేపు అంటించండి. మనిషిని బూట్లతో గోడకు ఆనించి నిలబెట్టి, ఒక పుస్తకం అంచు కాళ్ల మధ్య పైకి తగిలేలా పట్టుకోమంటే, నేల నుంచి ఆ అంచు దాకా ఎత్తే కాలి లోపలి పొడవు. ఒక్క నిమిషం పని. సీటు ఎత్తు ఆ కొలతకు దగ్గరలో ఉంటే పాదాలు బాగా ఆనుతాయి. ఐదారు సెంటీమీటర్లు ఎక్కువైతే మడమలు లేస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు మునివేళ్ల మీద కూడా నెట్టుకొస్తారు. కొత్తవాళ్లకు మడమలు ఆనాలి. తర్వాత సైడ్ స్టాండ్ తీసేసి కూర్చోబెట్టండి, మీరు పక్కన పట్టుకోండి. పది అడుగులు వెనక్కి నెట్టించండి.

టెస్ట్ రైడ్ కూడా చూడండి. చాలా చోట్ల వెనక సందులో ఒక చుట్టు, అదీ మీ మనిషిని వెనక కూర్చోబెట్టుకుని. లైసెన్స్ లేనివాడికి బండి ఇవ్వకపోవడం సరైనదే. లైసెన్స్ ఉన్నవాడికి మాత్రం ఒక యూటర్న్, ఒక ఎత్తు, ఒక స్పీడ్ బ్రేకర్ ఉన్న దారి చూపించి, ఇరవై నిమిషాలు ఇవ్వండి. తిరిగొచ్చాక "బండి ఎలా ఉంది" అని కాదు, "యూటర్న్‌లో ఎలా అనిపించింది" అని అడగండి. జవాబు వాడి మొహంలోనే తెలుస్తుంది.

బ్రేకుల గురించి మీరు చెప్పే తీరు కూడా మారాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే చక్రం బిగుసుకుపోకుండా బ్రేకును సర్దే ఏర్పాటు, తప్పనిసరి అయింది. 125 వరకు, ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడే కాంబీ బ్రేక్ ఉన్నా చాలన్నారు. ఈ రెంటికీ తేడా ఏమిటో, ఏబీఎస్ ముందు చక్రానికే ఉందో, రెండు చక్రాలకూ ఉందో కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. కంగారులో బ్రేకు గట్టిగా నొక్కేయడం కొత్తవాడి సహజం. తిన్నగా వెళ్తున్నప్పుడు అలా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా ఏబీఎస్ కాపాడుతుంది. మావాడు పడినట్టు నెమ్మదిగా తిప్పుతూ పడేవాడిని మాత్రం అది కాపాడలేదు. ఈ రెండు మాటలూ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఒకే బండి డ్రమ్ బ్రేకుతో ఒక ధరకు, డిస్క్‌తో ఇంకో ధరకు ఉన్నప్పుడు నాలుగైదు వేలు మిగులుతాయని డ్రమ్ తీసుకుని, ఆ డబ్బుతోనే సీటు కవర్, స్టిక్కర్లు, పెద్ద హారన్ వేయించుకుని వెళ్లేవాళ్లను చూశాను. ఆ యాక్సెసరీస్ జాబితా చూపించేది మీరే. ఆ క్షణంలో ఒక్క మాట "ఆ డబ్బు మొదట డిస్క్ బ్రేకుకి పెట్టండి" అంటే వింటారు.

హెల్మెట్ గురించి పొడుగ్గా రాయను. బండి కొన్నప్పుడు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, 138వ నిబంధన. దాన్ని కవర్ విప్పకుండా చేతిలో పెట్టి పంపకండి. తలకు పెట్టించి, బెల్టు బిగించి, ముందుకు లాగి చూడండి. ఊడొస్తే సైజు తప్పు. ఏ సైజూ సరిపోకపోతే ఆ మాట చెప్పి, మంచి ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి, చీలమండ కప్పే బూట్లకి, గ్లవ్స్‌కి ఆరేడు వేలు విడిగా ఉంచుకోమనండి. బండి బడ్జెట్ అడిగేటప్పుడే ఈ డబ్బు తీసేసి లెక్క వేయడం న్యాయం.

బడ్జెట్ అన్నాను కాబట్టి ఇంకో మాట. "నెలకు రెండు వేలే తేడా" అనే లెక్క సగం లెక్క. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం కొత్త టూవీలర్‌కి అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 75 నుంచి 150 సీసీ దాకా 3,851 రూపాయలు, 150 నుంచి 350 దాకా 7,365, ఆ పైన 15,117. పైగా జీఎస్టీ. బండి మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు 18 శాతం, అది దాటితే 40. టైర్లు, సర్వీసు, పడితే మార్చే పార్టులు, అన్నీ బండితో పాటే పెరుగుతాయి. మొదటి బండి ఒక్కసారైనా పడుతుంది. ఇండికేటర్, లివర్, ఫుట్‌రెస్ట్ విరుగుతాయి. స్ప్లెండర్‌కో హోండా షైన్‌కో ఆ సామాను ఏ బస్తీలోనైనా దొరుకుతుంది, విడిభాగాలు అమ్మే రాణిగంజ్ దాకా కూడా వెళ్లక్కర్లేదు. ఫెయిరింగ్, అంటే ముందూ పక్కలా ప్లాస్టిక్ తొడుగు, ఉన్న బండి ఒరిగితే ఒక్క ప్లాస్టిక్ ముక్క మార్చడానికే జేబు ఖాళీ అవుతుంది.

ఇంకా చెప్పాలంటే చాలామందికి మొదటి బండి కొత్తదే కానక్కర్లేదు. ఎక్స్‌చేంజ్‌లో మీ దగ్గరికే ఎన్నో 100, 125 సీసీ బండ్లు వస్తాయి, వెనక షెడ్డులో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని బాగు చేయించి, కాగితాలు సరిచూసి, ఆర్‌సీ పేరు మార్పించి, "ఒక ఏడాది దీని మీద చెయ్యి కుదుర్చుకో, తర్వాత వచ్చి నీకు నచ్చింది తీసుకో" అని ఇవ్వండి. గీత పడినా మనసు నొప్పెట్టదు. ఆ మాట చెప్పిన షోరూమ్‌కే ఆ కుర్రాడు రెండో బండికి వస్తాడు.

ఇంటర్ పాసైన కొడుక్కి బహుమతిగా బండి కొనడానికి వచ్చే తండ్రులు మీకు ప్రతి వేసవిలోనూ ఎదురవుతారు. పద్దెనిమిది నిండని పిల్లవాడికి గేర్ల బండి లైసెన్సే రాదు. వాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దు అని 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షన్ చెప్తోంది. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. బండి తండ్రి పేరు మీదే రాస్తారు కాబట్టి మీకేం కాదు. అయినా ఎవరు నడుపుతారో మీకు తెలుస్తూనే ఉంటుంది కదా. దయచేసి ఆ అమ్మకం వదులుకోండి.

సేల్స్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ మీద నాకు కోపం లేదు. నెలాఖరు టార్గెట్ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. మీలో కొందరు పది గంటలు నిలబడి నిలబడి మడమ నొప్పితో నా దగ్గరికే వస్తారు. పెద్ద బండి అమ్మితే ఇన్సెంటివ్, చిన్న బండికి లేదు అని మీరే చెప్పారు. అందుకే ఈ ఉత్తరం మొదట యజమానులకు రాశాను. అయ్యా, అమ్మా, మొదటిసారి బండి కొంటున్నవాళ్ల వరకైనా ఇన్సెంటివ్ లెక్క మార్చండి. బండి ధర మీద కాకుండా కొలత తీసి, టెస్ట్ రైడ్ పూర్తి చేయించి అమ్మిన ప్రతి బండి మీదా ఇవ్వండి. మీ మనుషులకు కొలత తీయడం నేర్పడానికి నన్ను పిలవండి. ఏ ఆదివారమైనా పొద్దున్నే వస్తాను, డబ్బు వద్దు.

మా మేనల్లుడి ప్లేటు ఇంకా కాల్లోనే ఉంది. ఆ బండిని నష్టానికి అమ్మేశాడు. భయం పోయిందని కిందటి వారం వాడే చెప్పాడు. ఉగాదికి మళ్లీ బండి చూద్దాం అత్తా, ఈసారి కూడా నువ్వు రా అన్నాడు. వస్తాను. టేపు నా బ్యాగులోనే ఉంటుంది. కానీ మీ షోరూమ్‌లోకి వచ్చాక దాన్ని వెంటనే బయటికి తీయను. వాడి వెనకాల నిలబడి, మీరు మొదట ఏ ప్రశ్న అడుగుతారో వింటాను.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఫిజియోథెరపిస్టు